అరువిచ్చిన జడుపు

హైమావతికి లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. కూతురు ఆమని మెట్ల మీంచి పడిపోతుందని.

తక్కిన భయాలు లేవని కాదు. జ్వరం భయం ఉంది, వేడి గంజి భయం ఉంది, గొంతులో శనగగింజ అడ్డుపడుతుందేమోనన్న భయం ఉంది. కానీ అవి వచ్చి పోయేవి. మెట్ల భయం మాత్రం ఆ ఇంట్లోనే కాపురం పెట్టింది.

గోపాలపట్నంలో వాళ్లు అద్దెకుండేది మేడ మీద వాటా. వీధిలోంచి నేరుగా పైకెక్కే మెట్లు. ఒక పక్క గోడ, రెండో పక్క ఏమీ లేదు. ఇల్లు కట్టినవాళ్లు అక్కడ పిట్టగోడ లేపుదామనుకుని తర్వాత మరిచిపోయారు. అందుకని మెట్ల పైభాగాన కిరీటి ఒక ఇనప గేటు పెట్టించాడు, దానికో గడియ. ఆ గడియ పడిందో లేదో హైమ రోజుకి ఎన్నిసార్లు చూసేదో ఆమెకే తెలీదు. అన్నం వారుస్తూ వారుస్తూ గిన్నె దింపి వచ్చి చూసేది. స్నానానికి వెళ్లి ఒక చెంబుడు నీళ్లు పోసుకుని, తడి చీరతోనే వచ్చి చూసేది. చూడ్డమంటే కంటితో కాదు. గడియను చేత్తో పట్టుకుని లాగి చూసేది.

కింద వాటాలో ఉండే ఇంటావిడ అప్పయ్యమ్మకి ఆ చప్పుడు వినీ వినీ విసుగొచ్చింది.

"ఏటే హైమా, ఆ గేటుని అలగ పీకీ పీకీ ఊడదీసీలాగున్నావు! లోకంలో నీ ఒక్కర్తికే పుట్టిందేటే పిల్ల? నానూ నలుగురిని కన్నాను. ఈ మెట్ల మీదే పెరిగేరు."

"వాళ్లలో ఎవరూ పడలేదా పెద్దమ్మా?"

"ఇద్దరు పడ్డారు. ఏటయిపోనాది? ఒకడు పోలీసయ్యాడు, ఒకడు వకీలయ్యాడు."

అప్పయ్యమ్మ పకపకా నవ్వింది. హైమకి నవ్వు రాలేదు. ఆ రెండు పడడాలూ కళ్లముందు కనిపించి, లేచి మళ్లీ గడియ లాగి చూసింది.

కిరీటి ఆమెకు మేనత్త కొడుకు. హైమ బొబ్బిల్లో ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా మేనత్తకి పక్షవాతం వచ్చింది. అత్తను చూసే దిక్కు లేదని హైమని కాలేజీ మాన్పించి విశాఖపట్నం పంపారు. అత్తకి అన్నం తినిపిస్తూ, ఒళ్లు తుడుస్తూ ఉండగానే ఆ ఇంటికి కోడలైంది. కొన్నాళ్లకి అత్త పోయింది. పుస్తకాలు బొబ్బిల్లోనే అటక మీద ఉండిపోయాయి. అప్పటికే కిరీటి విమానాల్లో కో-పైలట్. భార్య భూమికి పది అడుగుల ఎత్తుకి భయపడి చస్తుంటే, అతను ముప్ఫై వేల అడుగుల మీద కాఫీ తాగేవాడు.

"నీకు భయమెయ్యదా బావా?" అని పెళ్లయిన కొత్తలో అడిగింది.

"వేస్తే ఎలాగే? భయపడకూడదనేగా మాకు ముందు నేర్పేది."

ఆ మాట ఆమెకు అప్పుడు గర్వంగానే అనిపించింది.

*

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిన వారంలో ఒక సాయంత్రం, కిరీటి ఇంటికి వచ్చి యూనిఫాం విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. ఆమని వచ్చి మోకాళ్లు పట్టుకుంటే ఎత్తుకోలేదు.

"ఏమైంది బావా?"

అతను ఎదురు ప్రశ్న వేశాడు. "కూరలామె దగ్గర తూకానికి ముందు నువ్వేం చేస్తావు?"

"పాసంగం చూస్తాను. ఖాళీ తక్కెడ ఎత్తమంటాను."

"మా మీటరూ అలాంటిదే. ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పే మీటరు నేలను చూడదే. బయట గాలి బరువును తూచి ఎత్తు చెబుతుంది. అందుకని ఏ ఊళ్లో దిగుతామో ఆ ఊళ్లో ఇవాళ గాలి బరువెంతో టవరు వాళ్లు చెబుతారు. దిగేటప్పుడు ఆ అంకెకు మీటరు తిప్పి పెట్టుకోవాలి. పాసంగం సరిచేసుకున్నట్టే. వాయుగుండం పట్టిందంటే గాలి తేలికైపోతుంది. పాత అంకె మీదే మీటరు వదిలేశామనుకో, మనం ఉన్నదానికంటే పైన ఉన్నట్టు చూపిస్తుంది."

"వదిలేశావా?"

"టవరు చెప్పిన అంకె సరిగ్గానే విన్నాను. తిరిగి సరిగ్గానే అప్పజెప్పాను. చెయ్యి మీటరు దగ్గరకి వెళ్తుండగా విమానాన్ని కుడివైపు మళ్లించమన్నారు. మళ్లించాను. చెయ్యి ఏదో ఒకటి తిప్పింది కదా, దాంతో ఆ పనీ అయిపోయిందనుకున్నాను. కేప్టెన్ 'మీటరు?' అనడిగాడు. 'పెట్టాను' అన్నాను. ఆయన తన మీటరూ నా మీటరూ పోల్చి చూశాడు. రెండూ ఒకేలా ఉన్నాయి. ఆయనా పెట్టలేదు మరి. రెండూ ఒకే తప్పు చూపిస్తుంటే, ఒప్పే కాబోలనుకున్నాం."

హైమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మబ్బులోంచి బయటపడేసరికి ఎదురుగా కొండ. చెట్ల కొమ్మలు కనబడుతున్నాయి. అప్పటికే హెచ్చరిక మోగుతోంది, పైకి లేపు, పైకి లేపు అని. ఆ కొండ దగ్గర అది ఊరికే మోగుతూనే ఉంటుంది. మోగిందిలే అనుకున్నాను. కేప్టెన్ లాగాడు కాబట్టి బతికాం." అతను తన అరచేతుల వంక చూసుకున్నాడు. "వెనకాల నూటయాభై మంది హైమా. నాకు భయమెయ్యలేదు. కొండను చూసినప్పుడు కూడా వెయ్యలేదు. నాకు ఇప్పుడు అదే భయంగా ఉంది."

*

కిరీటిని కొన్నాళ్లు విమానం ఎక్కనివ్వలేదు. భీమిలి దారిలో కొండ మీద ఉన్న ఒక పరిశోధనశాలకి పంపారు. అక్కడ పెద్ద డాక్టర్ సుభద్రా పాణిగ్రాహి అని ఒకావిడ. సోంపేట మనిషి, నెరిసిన జుట్టు, కాళ్లకి రబ్బరు చెప్పులు. ఇలా దిగేటప్పుడు ఎత్తు తప్పిన పైలట్లందరినీ పిలిపించి ఏళ్లుగా ఒకటే ప్రశ్న అడుగుతోంది. హెచ్చరిక గంట మోగినప్పుడు మీకేమనిపించింది? అందరిదీ ఒకటే జవాబు. ఏమీ అనిపించలేదు.

చెవి గంటకి అలవాటు పడిపోతుంది, కన్ను ఎర్రదీపానికి అలవాటు పడిపోతుంది. మనిషి అలవాటు పడనిది భయమొక్కటే అని ఆవిడ నమ్మకం. అందుకని ఒక పట్టీ తయారు చేసింది. పైలట్ నుదుటికి కట్టుకుంటాడు. విమానం కింద నేల ఉండాల్సినదానికంటే దగ్గరైందో, పట్టీ ఒక చుక్క భయాన్ని అతని మెదడులోకి వదులుతుంది. దాని అసలు పేరు బారెడు పొడుగుంది. పైలట్లు మాత్రం జడుపు పట్టీ అనేవాళ్లు.

అయితే ఆ భయం ఎవరిదో ఒకరిది కావాలి. యంత్రంతో పుట్టించి చూశారు, పైలట్లు నవ్వేశారు. మనుషుల దగ్గర నకలు తీసి చూశారు, నాలుగు రోజుల్లో దానికీ అలవాటు పడిపోయారు. చివరికి నకలు కాకుండా అసలునే తీసుకోవడం మొదలుపెట్టారు. పాముల్ని చూసి వణికేవాళ్లు, నీళ్లంటే హడలిపోయేవాళ్లు వచ్చి ఇచ్చారు. ఏదీ నిలవలేదు.

ఒక మధ్యాహ్నం కిరీటికి క్యారేజీ పట్టుకుని, ఆమనిని చంకనేసుకుని హైమ అక్కడికి వెళ్లింది. పిల్లని గదిలో దించి క్యారేజీ విప్పుతోంది. ఆమని వెళ్లి ఒక కుర్చీ ఎక్కింది, అక్కడి నుంచి కిటికీ గట్టు మీదికి పాకింది. గది అటు చివర ఉన్న హైమ ఎలా వచ్చిందో ఎవరూ చూడలేదు. సాంబారు గిన్నె ఒకవైపు దొర్లుతోంది, ఆమె మరోవైపు పిల్లని గుండెకి అదుముకుని నిలబడి ఉంది. కేక ఆ తర్వాత వచ్చింది.

డాక్టరమ్మ చీర కుచ్చిళ్ల మీద సాంబారు పడింది. ఆవిడ అది దులుపుకోలేదు.

"నీ పేరేంటమ్మా?"

"హైమావతండీ. తప్పయిపోయిందండీ, సాంబారు..."

"సాంబారు సంగతి వదిలెయ్. రోజూ ఇంతేనా నువ్వు?"

కిరీటి నవ్వాడు. "ఇది తక్కువండి మేడమ్. ఇంటి దగ్గర మెట్లున్నాయి."

*

నొప్పి ఏమీ ఉండదన్నారు. నిజంగానే లేదు. చల్లటి గదిలో పడక కుర్చీ, నుదుటికి ఒక పట్టీ, పక్కన అగ్గిపెట్టెంత నల్లపెట్టె. కళ్లు మూసుకుని మెట్లని తలుచుకోమన్నారు. హైమకి తలుచుకోవాల్సిన పనేముంది? మెట్లు ఎప్పుడూ అక్కడే ఉన్నాయి.

"ఇది తీసేస్తే మళ్లీ వస్తుందాండీ?" అని ముందే అడిగింది.

"పాపకి పాలిస్తున్నావు కదా? ఇస్తే అయిపోతున్నాయా? పిల్ల తాగినకొద్దీ ఊరుతూనే ఉంటాయి. తల్లి భయం కూడా అంతే." పాణిగ్రాహి ఆమె తల నిమిరింది. ఆవిడ ఆ మాట మనసారా నమ్మే చెప్పింది.

పక్క గదిలో విమానం ముందుభాగంలాంటి బొమ్మ గది ఉంది. కిటికీల్లో నిజం మబ్బుల్లాగే మబ్బులు కదులుతాయి. అందులో కిరీటి కూర్చుని, కావాలని తప్పుగా పెట్టిన మీటరుతో విమానాన్ని దింపుతున్నాడు. గంట ఇంకా మోగలేదు. మీటరు అంతా బాగుందనే చెబుతోంది. ఉన్నట్టుండి అతని రెండు చేతులూ విమానాన్ని పైకి లాగేశాయి.

బయటికి వచ్చిన మనిషి ముఖం కడిగినట్టు తడిసి ఉంది. హైమ చెయ్యి పట్టుకున్నాడు.

"మెట్లు కనబడ్డాయే. అవతల పక్క ఏమీ లేదు. రోజూ ఇలాగే ఉంటుందా నీకు? ఇలా బతుకుతున్నావా?"

ఆమెకు ఆ క్షణంలో అంతా హాయిగా ఉంది. బస్సులో ఇంటికి వెళ్తూ కిటికీ పక్కన కూర్చుని సముద్రం చూసింది. ఆమనిని ఒళ్లో వదులుగా పట్టుకుంది. ఆ రోజు, పిల్ల పుట్టాక మొదటిసారి, అన్నం వేడిగా ఉండగా తిన్నది. ఒక్కసారి కూడా మధ్యలో లేవలేదు.

మర్నాటికి భయం తిరిగొచ్చింది. గేటు దగ్గరకి పరిగెత్తి గడియ లాగి, అది పడే ఉందని చూసి, అక్కడే కూలబడి ఏడ్చింది. తిరిగొచ్చినందుకు సంతోషమో, వచ్చిందే అన్న బాధో తెలీలేదు. రెండూ ఉన్నాయి. ఈసారి ఎప్పుడు పిలుస్తారా అని లోపల ఎదురుచూడడం కూడా మొదలైంది. ఆ సంగతి కిరీటికి చెప్పలేదు.

ఆ ఏడు వానలు ముందే పట్టాయి. కిరీటి మళ్లీ విమానం ఎక్కాడు. జడుపు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి విమానాల్లోకి వెళ్లాయి. అన్నిట్లోనూ హైమదే. ఇంకెవరి భయమూ నిలవలేదు, ఆమెది మాత్రం ఎంత వాడినా మొదటి రోజులాగే ఉంది. ప్రతి కొత్త పట్టీకీ మళ్లీ తియ్యాలి, అందుకని కారు పంపి పిలిపించేవారు. మొదట్లో వారానికోసారి, తర్వాత తరచుగా.

భయం తిరిగి రావడానికి మొదట ఒక రోజు పట్టేది. తర్వాత రెండు రోజులు. తర్వాత హైమ లెక్కపెట్టడం మానేసింది. లెక్క పెట్టాలంటే కూడా కొంచెం భయం ఉండాలి.

అందరికంటే ముందు గమనించింది అప్పయ్యమ్మే. గేటు చప్పుడు వినబడ్డం లేదు. ఒక రోజు మోకాళ్లు పట్టుకుని పైకెక్కి వచ్చింది. ఆమని నోటి నిండా ద్రాక్షపళ్లు. నిన్నమొన్నటిదాకా ఒక్కో పండునీ నాలుగు ముక్కలు కోసి పెట్టిన తల్లి, గిన్నె పిల్ల ముందు పెట్టి బట్టలు మడతపెడుతోంది.

"ఏటే ఇది, కొయ్యకుండా పళంపళంగా పెట్టీసేవు?"

"తింటుందిలే పెద్దమ్మా."

"గేటు తీసున్నాది."

"ఆఁ, వేస్తాను."

అప్పయ్యమ్మ ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది. హైమ ముఖం నున్నగా, చిన్నపిల్ల ముఖంలా ఉంది. కళ్లకింద నలుపు పోయింది. చూసినవాళ్లెవరైనా బాగుందనే అంటారు.

"నీకేటో అయినాదే అమ్మా," అంది ముసలామె. "జడుపు తగిలినోళ్లకి ఇనుం కాల్చి నీళ్లలో ముంచి తాగించి తీసీగల్ను. ఊళ్లో సగం మంది పిల్లలకి నానే తీసేను. ఉన్న జడుపు పోతే తెప్పించీడం మాత్రం నాకు తెలీదు."

*

అది జరిగిన రోజు మధ్యాహ్నం వాన ఆగి ఎండ కాసింది. హైమ పై మెట్టు మీద కూర్చుని తోటకూర బాగుచేస్తోంది. గేటు బార్లా తీసి ఉంది. ఆమని ఆమె వెనకనుంచి వచ్చింది, ఆమె భుజం పట్టుకుని పక్కకి అడుగేసింది, రెండో మెట్టు దిగింది, గోడ లేని వైపు నిలబడింది. కింద కోడిపిల్లలు తిరుగుతున్నాయి. వాటిని చూసి చేతులు చాచి వంగింది.

హైమ చూస్తోంది. అంతా చూసింది. పిల్ల కాలి బొటనవేలు అంచు దాటడం చూసింది. పడుతుంది అని తెలుసు. పడితే దెబ్బ తగులుతుందనీ తెలుసు. తెలిసిన ఆ మాట ఎక్కడో దూరాన, పొరుగింటి రేడియోలో వార్తలా వినబడింది. చెయ్యి చాస్తే అందేంత దూరం. చేతిలో తోటకూర కాడ ఉంది. ఆ ఆకు తుంచడం పూర్తిచేసింది.

కేక అప్పయ్యమ్మది. ఎదురింటి వాళ్లు పరిగెత్తుకొచ్చారు. వాన నీటికి మెత్తబడిన మట్టి మీద పడింది కాబట్టి ప్రాణం దక్కింది. చెయ్యి విరిగింది, కనుబొమ మీద చర్మం చిట్లి ఎముక కనబడింది. ఆస్పత్రికి వెళ్తున్నంతసేపూ ఆటోలో అప్పయ్యమ్మ పిల్లని ఒళ్లో పెట్టుకుని ఒక్కటే మాట పదేపదే అంది.

"నడిచి దిగేవే. పిల్ల పడిపోతే పరిగెట్టనేదు. నడిచి దిగేవే నువ్వు."

హైమ కళ్లమ్మట నీళ్లు కారుతూనే ఉన్నాయి. బాధ ఉంది. ప్రేమ ఉంది. పిల్ల మూలిగినప్పుడల్లా చెయ్యి చాచి కాలు నిమురుతోంది. అన్నీ ఉన్నాయి, ఒక్కటి లేదు. ఆటో రోడ్డు మలుపులో ఒరిగినప్పుడు అందరూ కడ్డీ పట్టుకున్నారు. ఆమె పట్టుకోలేదు.

అదే మధ్యాహ్నం, అదే గంటలో, మబ్బు పట్టిన ఇంకో ఊరి మీద కిరీటి విమానం దింపుతున్నాడు. టవరు చెప్పిన అంకె ఒకటి, కొత్త కేప్టెన్ పెట్టిన అంకె ఒకటి. కిరీటి అది గమనించలేదు. గంట మోగకముందే పట్టీ ఒక చుక్క వదిలింది. మెట్ల అంచు, కింద ఏమీ లేకపోవడం, పిల్ల. చేతులు వాటంతటవే లాగేశాయి. విమానం కొండ మీంచి పైకి లేచింది. వెనక సీట్లలో ఎవరికీ ఏమీ తెలీలేదు. ఎవరో ఒక పాప కిటికీలోంచి మబ్బులు చూస్తూ చప్పట్లు కొట్టిందట.

ఆ సంగతి హైమకి చెప్పాలని నేలమీద దిగిన దగ్గర్నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. చివరికి అప్పయ్యమ్మ ఎత్తింది.

*

"తిరిగి పెట్టెయ్యండి మేడమ్," అన్నాడు కిరీటి. "మాకింకేం వద్దు. దానిది దానికి పెట్టెయ్యండి."

పాణిగ్రాహి అల్మారాలోంచి నల్లపెట్టె తీసింది. అందులో ఉన్నది హైమ నుంచి మొట్టమొదట తీసినది. పైలట్లకి కట్టే పట్టీని ఈసారి హైమ నుదుటికి కట్టారు. ఆమని విరిగిన చేతికి కట్టుతో తండ్రి భుజం మీద నిద్రపోతోంది.

హైమ ఒళ్లు జలదరించింది. పిడికిళ్లు బిగుసుకున్నాయి. కిరీటి ఆశగా ముందుకి వంగాడు. "మెట్లు కనబడుతున్నాయా? గేటు కనబడుతోందా?"

"కనబడుతోంది బావా." ఆమె కళ్లు మూసుకునే ఉంది. గొంతు నిండా జాలి. "పాపం, ఎవరో తల్లి. పిల్ల కోసం ఎంత బెంగపడిపోతోందో. ఎవరైనా వెళ్లి ఆమెకి కాస్త ధైర్యం చెప్పండి."



పాణిగ్రాహి పట్టీ విప్పి, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. "పాలనుకున్నాను," అంది. "తీసినకొద్దీ ఊరుతుందనుకున్నాను. నారు అని తెలుసుకోలేకపోయాను. పెరికి ఇంకో మడిలో నాటితే అక్కడ పండుతుంది. ఇక్కడ మడి ఖాళీ."

"అయితే ఆ పట్టీలన్నీ పీకి పారెయ్యండి!"

"పారేస్తే ఇది తిరిగొస్తుందా నాయనా?"

అప్పుడు హైమ నెమ్మదిగా అంది. "ఉంచండి మేడమ్. విమానాల్లో పిల్లలుంటారు." ఆ మాట మంచితనంతో అందో, భయం లేక అందో కిరీటికి తెలీలేదు. ఎప్పటికీ తెలీదు కూడా.

నేల మీద ఉద్యోగం కావాలని అతను అర్జీ పెట్టుకున్నాడు. ఈ వానాకాలం గడవనీ, మనుషులు చాలడం లేదన్నారు. ఇల్లు మారదామనుకున్నాడు. కింద వాటా దొరికితే మెట్లుండవు గాని వీధి ఉంటుంది, వీధిలో లారీలుంటాయి, పెరట్లో నీళ్ల తొట్టి ఉంటుంది. తల్లి భయం వేయి కళ్లతో కాసే పని ఒక్క ఇల్లు మారితే తీరదు. ఆఖరికి గేటుకి స్ప్రింగు పెట్టించాడు, దానంతట అదే మూసుకునేలా. గాలికి టపటపా కొట్టుకుని పిల్ల నిద్ర చెడగొడుతోందని హైమ దానికో రాయి అడ్డం పెట్టింది.

కోప్పడలేకపోయాడు. తనకు తెలిసిన విద్యే ఆమెకు నేర్పాడు. విమానం దిగేముందు ఒకరు అడుగుతారు, ఒకరు జవాబు చెబుతారు, ఏదీ మరిచిపోకుండా. ఏ ఊళ్లో ఉన్నా ఫోన్ చేసేవాడు.

"గేటు?"

"వేశాను."

"గడియ?"

"పడింది."

"పొయ్యి?"

"కట్టేశాను."

"బకెట్టు?"

"బోర్లించాను."

మొదట్లో ఆమె ప్రతిసారీ లేచి వెళ్లి చూసి వచ్చి చెప్పేది. ఆ జవాబులు వింటూ అతను విమానాశ్రయాల్లో గోడకి తలానించి ఊపిరి పీల్చుకునేవాడు.

ఒకసారి డ్యూటీ తొందరగా ముగిసింది. ఆశ్చర్యపరుద్దామని చెప్పకుండా వచ్చాడు. వీధి మలుపులో ఆటో దిగి ఫోన్ చేశాడు. గేటు? వేశాను. గడియ? పడింది. నవ్వుకుంటూ ఇంటి ముందుకొచ్చి తలెత్తి చూశాడు. గేటు బార్లా తీసి ఉంది. రాయి అడ్డం ఉంది. రెండో మెట్టు మీద ఆమని కూర్చుని, కట్టు విప్పిన కొత్త చేత్తో గోడకి సుద్దముక్క రాస్తోంది. లోపల హైమ చపాతీలు ఒత్తుతూ, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఇంకా మాట్లాడుతోంది.

పిల్లని ఎత్తుకుని పైకి వెళ్లాడు.

"అబద్ధం చెప్పావా హైమా?"

ఆమె నిజంగా తెల్లబోయింది. పిండి చేతులతో గేటు దగ్గరకి వచ్చి చూసింది. "లేదు బావా. వేశాననే అనుకున్నాను. నువ్వడిగావు, నోరు చెప్పింది. చెయ్యి కూడా ఆ పని చేసేసి ఉంటుందనుకున్నాను."

కిరీటి పై మెట్టు మీద కూలబడ్డాడు. ఆ కొండ సంగతి మీద విచారణకి పిలిచినప్పుడు, వరసగా కూర్చున్న పెద్దల ముందు, అతను చెప్పుకున్న మాటలవి. ఒక్క అక్షరం తేడా లేదు. అతన్ని కాయడానికి అప్పుడు ఎవరిదో ఒకరి భయం ఉంది. ఆమెను కాయడానికి ఎవరి భయం తేవాలి?

"నాకు నేర్పింది నువ్వే కదా బావా," అంది హైమ, అతని తల మీద పిండి చెయ్యి వేసి. "బాగానే నేర్చుకున్నాను కదా?"

*

అప్పయ్యమ్మ ఈ మధ్య కంటి ఆపరేషనుకి విజయనగరంలో కూతురి దగ్గరకి వెళ్లింది. కింద వాటాకి తాళం ఉంది. కిరీటి ఇప్పుడు ఎక్కడో మబ్బుల మీద ఉన్నాడు. మీలో ఎవరైనా ఇవాళ విమానం ఎక్కి ఉంటే, అది దిగేటప్పుడు ఉన్నట్టుండి ఒక్కసారి పైకి లేచి ఉంటే, మిమ్మల్ని లేపింది హైమే.

అందుకని అడగడానికి కాస్త చొరవ తీసుకుంటున్నాను. ఎప్పుడైనా గోపాలపట్నం వైపు వెళ్తే, రైల్వే లైను దాటాక ఎడమవైపు రెండో సందులో, ఒక పక్క గోడ లేని మెట్లున్న ఇల్లొకటి కనబడుతుంది. గోడ మీద, కిందనుంచి ఒక పిల్ల చెయ్యి అందేంత ఎత్తులో, సుద్దగీతలుంటాయి. ఆగండి. గేటు వేశావా అమ్మా అని కిందనుంచి కేకేసి అడగకండి. అడిగితే వేశానంటుంది, నవ్వుతూ అంటుంది, మీరు నమ్మేస్తారు. మెట్లెక్కి పైకి వెళ్లండి. రాయి ఉంటే పక్కకి తీసెయ్యండి. గడియను కంటితో కాదు, చేత్తో పట్టుకుని లాగి చూడండి.

పాప పేరు ఆమని. పిలిస్తే వస్తుంది. ఒకసారి చూసి వెళ్లండి.